ఎల్లుండి రావలసిన బోరు బండి

ఉదయం ఏడు గంటలకు సూర్యాపేట కొత్త బస్టాండులో చేరిన మనుషులూ సామానూ: తిరుమలగిరి మండలం నుంచి వచ్చిన నలుగురు యువరైతులు, వాళ్లకు శిక్షణ ఇచ్చే నేను, ఒక డ్రిప్పు పైపు చుట్ట, నీటి ధార కొలవడానికి ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, పులిహోర డబ్బా. నేను వ్యవసాయ ఇంజనీరింగ్ చదివాను. రెండెకరాల లోపు భూమి ఉన్నవాళ్లకు నీటి పొదుపు నేర్పడం నా పని. కోదాడ దగ్గర ముగ్గురు రైతులు ఒకే బోరును పంచుకుంటున్న తీరు చూసి, మిర్యాలగూడలో డ్రిప్పు బిగించడం నేర్చుకుని, రాత్రికి తిరిగి రావాలని బయలుదేరాం.

కోదాడ బస్సులో కండక్టర్ డ్రమ్మును చూశాడు. "ఏంది సార్, నీళ్లు మీరే మోస్కపోతున్నరా?"

నలుగురిలో ఒకే ఒక్క ఆడపిల్ల స్వప్న నవ్వింది. "ఆడోళ్లకు టికెట్ ఫ్రీ. సార్, మీ డ్రమ్ముకు లగేజీ కొడ్తడు, సూస్కోండ్రి."

నా పక్కన తండా నుంచి వచ్చిన బాలు కూర్చున్నాడు. అతను నవ్వలేదు. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండాయి. మూడోదాని కోసం ఉన్న రెండు బర్రెలూ అమ్మాడు. బోరు వేసే బండి ఎల్లుండి వస్తుంది.

"ఇది గిట్ల పడకపోతే ఇగ దామరచర్ల పోత సార్. కరెంటు ప్లాంటు కాడ కూలి. భూమి దున్నకుండ పడావు పెడ్త."

పక్క చేను వాళ్ల అన్నయ్యది. అందులో బోరు పోస్తోంది. నీళ్లు అడగలేదా అన్నాను.

"గట్టు పంచాయితి సార్. రెండేండ్లాయె, మాటల్లేవు."

కోదాడలో దిగి ఆటోలో పొలానికి చేరేసరికి తొమ్మిదయింది. రమణ, అతని తమ్ముడు, పక్క చేను రైతు కలిసి ఒక్క బోరుతో టమాటా, బెండ పండిస్తున్నారు. వాల్వు తిప్పే పిడిని ఊడదీసి ఇంట్లో పెడతారు. వంతు వచ్చినవాళ్లే తెచ్చుకోవాలి.

"పిడి మా అమ్మ దగ్గర ఉంటుందండీ," అన్నాడు రమణ. "వంతు తప్పినోడు ఆవిడ తిట్లు తినాల. అందుకే ఎవడూ తప్పడు."

డ్రమ్ము నింపి ధార కొలిచాం. బాలు రెండోసారి కూడా కొలవమన్నాడు. తరవాత నెమ్మదిగా, "మా అన్న బోరు ఇంతకంటె జోరుగ పోస్తది," అన్నాడు.

కోదాడలో పులిహోర తిని, హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సెక్కాం. దారి పొడవునా సాగర్ కాల్వ కింది వరి. మూడు దాటాక మిర్యాలగూడలో దిగాం. డ్రిప్పు సామాను దుకాణం వెనక పైపులు కోసి, జాయింట్లు బిగించి, నీళ్లు వదిలి చూశాం. బాలు బిగించిన దాంట్లో చుక్క కారలేదు.

బయట టీ తాగుతూ అతను ఫోను తీశాడు. "బోరు బండి వద్దని చెప్త. అన్ననే అడుగుత."

అన్న ఎత్తలేదు. భార్యకు చేశాడు. లంబాడీలో మాట్లాడాడు. ఫోను పెట్టేశాక మాకు చెప్పాడు. పక్క తండాలో పని తొందరగా అయిపోయిందని బోరు బండి ఏజెంటు మధ్యాహ్నమే బండిని పంపించాడట.

"వాపసు పంపకపాయెనా?" అంది స్వప్న.

"చేన్లకొచ్చిన బోరు బండిని ఉత్తగ పంపుతరా అక్కా? పంపితె మల్ల ఆ చేన్ల నీళ్లు పడవంటరు. మా ఆమె పసుపు కుంకుమ పెట్టింది, మొదలుపెట్టిన్రు."

"మరి మీ అన్న?"

"గాడనే ఉన్నడంట. బోర్ల దిగే రాడ్లు లెక్కవెడ్తున్నడంట. ఆ సప్పుడుకు ఫోను ఇనవడ్తలేదేమో."

సాయంత్రం సూర్యాపేట బస్సులో అందరికీ సీట్లు దొరికాయి. ఈ దారిన రైతులను తీసుకెళ్లే శిక్షకులకు ఒక మాట చెప్పాలి. కోదాడ పొలం తప్పక చూపించండి. కానీ భార్యనూ భర్తనూ కలిపి తీసుకెళ్లండి. నేను భర్తను మాత్రమే తీసుకెళ్లాను. బండిని వద్దనవలసిన మనిషి ఆ మధ్యాహ్నం చేనులో ఉంది, కోదాడ బోరును ఆమె చూడలేదు.

సూర్యాపేట దగ్గర పడుతుండగా బాలు ఫోను మోగింది. అతను "అన్నా" అన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఇంటికి రా, మాట్లాడుదం అన్నడు సార్."

బోరు ఎంత లోతు దిగిందని అడిగాను.

ఆరు వందల నలభై అడుగులట. దుమ్మే వచ్చిందట.