సున్నపు గీత అవతల నెత్తళ్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను అవనిగడ్డ నుంచి సముద్రం వైపున్న ఒక హైస్కూలుకు అటెండరుగా బదిలీ చేశారు. అటెండరంటే బడిలో అందరికన్నా కింది ఉద్యోగం. అయినా గ్రౌండు మార్కింగు నాదే కాబట్టి, నేను సున్నం పొయ్యనిదే హెడ్మాస్టరు గారు కూడా ఆట మొదలుపెట్టలేరు. చదవడం, రాయడం ఆ తర్వాత నేర్చుకున్నాను. ఫౌల్ అంటే ఏమిటో అప్పటికే తెలుసు.

బేస్‌బాల్‌లో బ్యాటు పట్టిన పిల్ల నిలబడే చోటు నుంచి రెండు సున్నపు గీతలు చెరోవైపుకీ సాగుతాయి. బంతి వాటి మధ్య పడాలి, బయట పడితే ఫౌల్, అంపైరు రెండు చేతులూ పైకెత్తుతాడు. మూడు తప్పులకు అవుట్. మొదటి రెండు తప్పుల్లో ఫౌల్ కూడా లెక్కే గాని, మూడోది ఫౌల్ వల్ల రాదు. బంతిని గాల్లో ఎవరూ పట్టుకోనంతవరకు ఆ పిల్ల ఆడుతూనే ఉంటుంది.

ఆ ఏడు జిల్లా ఫైనల్ మా గ్రౌండులోనే. మా పిల్లలకూ గుడివాడ పిల్లలకూ పోటీ. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు వెళ్తారు. మేం ఒక్క పరుగు వెనకబడి, ఇంకొక్కరు అవుటైతే ఆట ముగుస్తుందనగా మా దేవి బ్యాటు పట్టుకుంది. దేవి ఏ బంతినీ వదలదు, ఏ బంతినీ తిన్నగా కొట్టదు. వరసగా ఎడమ గీత అవతలికి కొట్టసాగింది.

అటు ప్రహరీ లేదు. గీతను ఆనుకుని బడి పక్కింటి నాంచారమ్మ పాత వల పరిచి నెత్తళ్లు, అంటే వేలెడేసి చేపలు, ఎండబెట్టింది. ఆ వాసనకు గుడివాడ పిల్లలు అటు రాలేదు గనక దేవి బతికిపోయింది. పడిన బంతినల్లా నాంచారమ్మ గంపలో వేసుకుంది. చివరికి అంపైరు చేతిలో బంతి లేకుండా పోయింది. ఆట ఆగితే ఉన్న స్కోరు ప్రకారం గుడివాడే గెలిచినట్టని ఆయన చెప్పాడు.

పీఈటీ మాస్టారు వెళ్లి బతిమాలి, బెదిరించి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. నాంచారమ్మ లెక్కలో సున్నపు గీతంటే సర్వేవాళ్లు పోసే హద్దు. అటు బడిది, ఇటు తనది. తన వైపు పడ్డ ప్రతిసారీ మీ అంపైరే చేతులెత్తేస్తున్నాడు కదా అని ఎదురడిగిందట. దాంతో మాస్టారు నన్ను పంపారు.

“వదినా, ఆ గీత సర్వేవాళ్లది కాదు. పొద్దున నేనే గీశాను,” అన్నాను.

“గీస్తే?”

“బంతులివ్వకపోతే చెరిపేస్తాను. గీత లేకపోతే ఫౌలూ లేదు. ఆటంతా నీ నెత్తళ్ల మీదే ఆడతారు.”

నాంచారమ్మ పిల్లల బూట్ల వంక ఒకసారి చూసింది.

“బళ్లో చేరి బాగానే ఆరితేరావు వదినా,” అని గంప నా వైపు తోసింది.

తర్వాత తానూ వచ్చి గీత పక్కన నిలబడి, ఈ ఆట ఏమిటని అడిగింది. ఫౌల్ సంగతి చెప్పాను. గుడివాడ పిల్ల బంతిని రెండు వేళ్లతో పట్టుకుని, ప్యాంటుకు తుడిచి, మొహం తిప్పుకుని విసిరింది. దేవి ఆ రోజు మొదటిసారిగా తిన్నగా కొట్టింది. బంతి వెళ్లి విసిరిన పిల్ల చేతుల్లోనే పడింది. ఆట అయిపోయింది. మా పిల్లలు రాష్ట్ర పోటీలకు వెళ్లలేదు.

దేవి కళ్లు తుడుచుకుంటూ వస్తుంటే నాంచారమ్మ ఆపింది.

“తిన్నగా కొట్టమని నిన్నెవరడిగారే? నా వైపే కొట్టుకుంటా ఉంటే సరిపోయేదిగా.”

గీత గీసేముందు, అదెందుకో అవతలి వాళ్లకు కూడా చెప్పాలని ఆ రోజు తెలిసింది. రిటైరయ్యేదాకా సున్నం బకెట్టుతో ముందు నాంచారమ్మ ఇంటికే వెళ్లేదాన్ని. నెత్తళ్లు గీత దాకా వచ్చేవి. బంతులు మాత్రం తిరిగొచ్చేవి.