టీచరమ్మ చేతిలో చపాతీ కర్ర

మా పాప ఎక్స్‌రేలో ఏ మచ్చా లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టర్ చెప్పాడు. ఈ మాట ముందు రాయకుండా ఇంకో అక్షరం రాయడం నా వల్ల కాలేదు. ఆ సంతోషంతో మియాపూర్‌లో బస్సు దిగామో లేదో, పాపకు రికార్డర్ నేర్పిన టీచరమ్మ ఆ పొద్దునే ఛాతీ దవాఖానాలో పోయిందని కబురు. ఇంటికి వచ్చి, పాప చెయ్యి పట్టుకునే వాకిట్లో కూర్చుండిపోయాను.

నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే మన్నించండి. ఆమె గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

కోస్తా నుంచి వచ్చి కంపెనీ స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేది. మా వాకిలికి అవతలి గదిలో కిరాయికి ఉండేది. గోడకు గుడ్డసంచిలో ఒక రికార్డర్ వేలాడేది. అదీ పిల్లనగ్రోవి లాంటిదే, కాకపోతే నిలువుగా పట్టి ఊదుతారు. కిందటేడు స్కూలుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. మా పాప ఆ సంచివైపే చూస్తుండడం గమనించి నన్ను పిలిచింది.

"నేర్పుతానండి. కానీ అమ్మాయి మీ అరుగు మీదే కూర్చోవాలి. నేను నా గుమ్మం దాటను."

కొత్త రికార్డర్ కొనుక్కొస్తే దాన్ని కనీసం ముట్టుకోలేదు. "ప్యాకెట్టు అమ్మాయినే విప్పమనండి" అంది. మడి మనిషి కదా, మా ఎంగిలి పడదేమో అనుకున్నాను. మా ఆవిడ ఊరుకుంటుందా? "ఏంది పంతులమ్మా, పిల్ల గిక్కడ ఊదితే తుంపర గక్కడిదాక వస్తదా?" అని అడిగేసింది. టీచరమ్మ కొంగుతో నోరు కప్పుకొని నవ్వింది.

పాఠం చిత్రంగా ఉండేది. తన రికార్డర్ సంచిలోంచి తీసేదే కాదు. గుమ్మంలో నిలబడి చపాతీ కర్రను రికార్డర్‌లా పట్టుకొని, వెనక బొటనవేలు, ముందు చూపుడువేలు ఆనించి చూపేది. అది మొదటి స్వరం. ఇంకో వేలు దించితే రెండోది, మరో వేలు దించితే మూడోది. పాప అరుగు మీద అట్లాగే చేసేది. కీచుమంటే, "పిల్లి తోక తొక్కావే. దీపం ముందు ఊదినట్టు ఊదు. మంట ఊగాలి, ఆరిపోకూడదు" అనేది.

కిందటి వారం ఆమె అన్నయ్య వచ్చి ఆమెను దవాఖానాకు తీసుకుపోయాడు. పోతూ నన్ను పక్కకు పిలిచి, "మా చెల్లికి క్షయండి. పాపను కూడా ఒకసారి చూపించండి" అన్నాడు.

తల నెరిశాక పుట్టిన ఒక్కతే బిడ్డ. ఆ మాట విన్నప్పటి నుంచి అది దగ్గితే నాకు గుండె ఆగేది, దగ్గకపోతే లోపల దాస్తోందేమో అనిపించేది. దవాఖానా లైన్లో నిలబడి మెల్లగా అడిగాను.

"నిజం జెప్పు బిడ్డా. టీచరమ్మ ఎప్పుడన్న నీది తీసుకొని ఊదిందా?"

"ఊదలె నాయినా. నేనే బతిమిలాడిన, ఒక్కపారి ఊది సూపియ్యమని. 'నువ్వు ఊదితే నాకు వినిపిస్తుంది కదే, చాలు' అన్నది. ఒకనాడు నేను వాకిట్లకెళ్లి ఆమె దిక్కు ఉరికితే తలుపు ఏసుకున్నది. లోపల ఏడ్సినట్టు ఇనొచ్చింది."

అప్పుడు తెలిసింది నాకు. ఆమె భయం మా ఎంగిలికి కాదు, మా పిల్ల కోసం. తెలిసినా నాకు భయం తగ్గలేదు. గాలికి మా వాకిలి ఎంత దూరం? లోపలి నుంచి పాప పేరు పిలిచారు. పాపే నా చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించింది.

ఇక నేను కబురు చెప్పాల్సిన వాళ్ళున్నారు. తెల్లాపూర్‌లో మా అక్కకు చెప్పాలి, పాపకు ఇంక వేరే గ్లాసు పెట్టొద్దని. జీడిమెట్లలో బామ్మర్దికి చెప్పాలి, పిల్లల్ని మళ్ళీ ఆడుకోవడానికి పంపమని. మా అత్తకు చెప్పాలి, ఇంక ఏడుపు ఆపి అన్నం తినమని. టీచరమ్మ అన్నయ్యకు చెప్పాలి, ఆయన చెల్లెలి జబ్బు మా పాపకు అంటలేదని, మూడు స్వరాలు మాత్రం వచ్చాయని. ఆమె కిటికీలో మిగిలిపోయిన చపాతీ కర్రను పాప ఆ మూసిన తలుపుకు ఆనించి నిలబెట్టి, మా అరుగు మీదికి వచ్చి కూర్చొని, దాన్నే చూస్తూ ఊదుతోందని.