అన్న నాటిన మామిడి

మాది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. మా అన్న హిందూపురం నుంచి మామిడి మొక్క తెచ్చి ఇంటి ముందర నాటాడు. గొర్రెలు కొరకకుండా చుట్టూ ముళ్లకంప కట్టాడు. అది మొదటిసారి పూతకొచ్చేటప్పటికి అన్న లేడు. జ్వరమొచ్చి వారంలోనే పోయాడు.

ఆ ఏడు కాసిన కాసిని కాయల్నీ అమ్మ వీధిలో పిల్లలకు పంచింది. తను ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. రోజూ పొద్దున్నే చెట్టుకు నీళ్లు పోసి, అందినంతవరకు ఆకుల మీది దుమ్ము కొంగుతో తుడిచేది.

తర్వాత వరసగా వానలు తప్పాయి. వేరుశనగ చేలోనే మాడిపోయింది. వీధి బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. మనుషులకూ గొర్రెలకూ పోగా చెట్లకు మిగిలేది గిన్నెలు కడిగిన నీళ్లే. ఇంటికి పడమటి పక్కన నాయన కొత్తగా నాటిన రెండు వేపమొక్కలు కూడా వాటితోనే బతకాలి.

ఒక సాయంత్రం నేను బకెట్టు ఎత్తుకుని మామిడి వైపు పోతుంటే అమ్మ ఆపింది.

“దానికి వద్దు పాపా. యాపమొక్కలకు పొయ్.”

“అది అన్న నాటిన చెట్టు కదమ్మా.”

“నాకు తెలీదా? అంత చెట్టుకు ఈ నీళ్లు యాడ సాలుతాయి? దానికి పోస్తే మూడూ పోతాయి. ఆ రెండన్నా బతకనీ.”

నాయన అరుగు మీద నుంచి, “ట్యాంకరు వస్తే సూద్దాంలే,” అన్నాడు.

“వద్దు. దినామూ కొంచెం కొంచెంగా సచ్చేది సూడలేను నేను.”

నాకు చెయ్యి రాలేదు. అమ్మే నా చేతిలోంచి బకెట్టు తీసుకుని వేపమొక్కలకు పోసింది.

మామిడి ఆకు రాల్చింది. చాలా ఆలస్యంగా వానలు వచ్చాయి. వేపమొక్కలు ఎర్రటి చిగుళ్లు వేశాయి. మామిడి కోసం ఇంకొన్నాళ్లు చూశాం. ఒక్క చిగురూ రాలేదు. నాయన గొడ్డలి తీసుకుని చెట్టు దగ్గర నిలబడి అమ్మ వైపు చూశాడు.

“కొట్టు,” అంది అమ్మ.

ఆ కట్టెల్ని వేరే ఎవరికైనా ఇచ్చేద్దామని నేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఒక కట్టెను ఒళ్లో పెట్టుకుని కాసేపు బెరడు నిమిరింది. తర్వాత దాన్ని పొయ్యిలోకి తోసి, “ఎసరు మరుగుతాండాది, రాగిపిండి తీసుకురా పాపా,” అంది.

ఆ పూట సంగటి ఆ మంట మీదే ఉడికింది. ముగ్గురం తిన్నాం.