కౌసల్యమ్మ కొంగు సర్దితే చప్పట్లే

చప్పట్లు కొట్టించి బతికే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. పేరు కౌసల్యమ్మ. జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్ బస్ డిపో వెనక స్థిరపడింది. నాచారం ఫ్యాక్టరీలో పచ్చళ్ల సీసాలకు మూతలు బిగించే పని చేసేది. అది మూతపడ్డాక టీవీ షోలకు ప్రేక్షకులను తెచ్చే పనిలో దిగింది. "అమ్మా, రేపు నలభై మంది" అని ఫోన్ చేస్తే చాలు, పొద్దున్నే భర్త సాంబయ్య వ్యాను మా స్టూడియో గేటు ముందు ఆగుతుంది.

ఆ స్టూడియోలో నేను ఫ్లోర్ మేనేజర్‌ని. నా కేకలకు కెమెరా వాళ్లు కూడా హడలిపోతారు. కౌసల్యమ్మ మాత్రం "గొంతు పోతది గీతికమ్మా, జర చాయ్ తాగు" అంటుంది.

ఆవిడకో పద్ధతుంది. చప్పట్లు కొట్టమని చెయ్యెత్తి చెబితే కెమెరాలో పడుతుంది కదా! అందుకే ముందు వరుస చివర కూర్చుంటుంది. నేను కనుసైగ చేయగానే చీర కొంగు భుజం మీదికి లాక్కుంటుంది. అంతే, వెనక కూర్చున్న ఆడవాళ్లంతా టపటపా కొట్టేస్తారు. వంటల పోటీ అయినా భక్తి పాటలైనా అంతే. వాళ్ల చూపు స్టేజీ మీద ఉండదు, కొంగు మీదే ఉంటుంది.

ఈ ఎండాకాలం మా ఛానల్ వాళ్లు కుర్రకారు కోసం 'సిగ్గెందుకు' అనే కొత్త షో పెట్టారు. ప్రేమ, పెళ్లి, ఒళ్లు, జబ్బులు, ఏదైనా డాక్టర్ శ్యామలాదేవిని అడగొచ్చు. సంగతి వినగానే కౌసల్యమ్మ లెంపలేసుకుంది. "అయ్యో రామ! గవన్ని టీవీల మాట్లాడుతరా?" అంది. అయినా వచ్చింది. కాలేజీ పిల్లలు తక్కువపడ్డారంటే కూతురు దుర్గాభవానిని కూడా వ్యానెక్కించింది.

దుర్గాభవానికి వచ్చే నెలలో పెళ్లి. ఏఎస్ రావు నగర్‌లో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. పెళ్లికి ముందు తనూ అబ్బాయీ హెచ్ఐవీ లాంటి పరీక్షలు చేయించుకోవాలని, ఆ మాట అత్తగారితో అమ్మే ఎత్తాలని ఆ పిల్ల కోరిక. తల్లి వింటేగా! వ్యానులోనే గయ్యిమందట: "రోజూ రోగుల మొకాలు సూసి సూసి నీకు అందరు గట్లనే కనవడుతున్నరు. మంచి సంబంధం చెడగొట్టుకుంటవా? నోర్ముయ్!"

మేకప్ గదిలో ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ నాకు చెప్పింది. "నేనే అడిగితే పెళ్లిపిల్లకు గింత నోరా అంటరు మేడమ్. అమ్మ అడిగితే మర్యాదగ ఉంటది." నాకు ఒళ్లు మండిపోయింది. కౌసల్యమ్మను నాలుగు దులుపుదామనుకునేలోపే షూటింగ్‌కి పిలుపొచ్చింది.

యాంకర్ తేజేష్ ఎంత బతిమాలినా పిల్లలు తలెత్తితే ఒట్టు. ఇక డాక్టరమ్మే అందుకుంది. "సరే, కండోమ్ సంగతితో మొదలుపెడదాం."

కౌసల్యమ్మ సిగ్గుతో చచ్చినంత పనై కొంగు గబుక్కున లాక్కుంది.

టపటపా చప్పట్లు!

డాక్టరమ్మ ఉలిక్కిపడి, సంబరపడి, "సుఖవ్యాధులు" అంది. మళ్లీ కొంగు, మళ్లీ చప్పట్లు. నేను కెమెరా వెనక నుంచి ఆపమని చేతులు ఊపీ ఊపీ చచ్చాను. కౌసల్యమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది, నన్నెక్కడ చూస్తుంది? పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే ఒక కుర్రాడు లేచి, "పెళ్లయినంక భార్య వద్దంటే ఆగాల్నా మేడమ్?" అన్నాడు. "ఆగి తీరాలి నాయనా. ఇష్టం లేకుండా ముట్టుకోకూడదు" అంది డాక్టరమ్మ. ఆ తర్వాత మైకు కోసం ఒకటే పోటీ.

అప్పుడు దుర్గాభవాని లేచింది. "పెళ్లికి ముందు ఇద్దరం పరీక్ష చేయించుకుందామంటే, అబ్బాయిని అనుమానించినట్టా మేడమ్?"

"కాదమ్మా, ఇద్దరి క్షేమం కోరినట్టు. పెద్దవాళ్లు ఒక మాట సాయం చేస్తే ఇంకా సులువు."

వెనక వరుసల్లో కళ్లన్నీ కొంగు మీదే ఉన్నాయి. కౌసల్యమ్మ దాన్ని గుప్పిట్లో బిగించి కూతురి వైపు చూస్తోంది. నేను సైగ చేయలేదు. తల్లీకూతుళ్ల మధ్య నేనెవరిని? కాసేపటికి ఆవిడ మెల్లగా కొంగు భుజం మీదికి లాక్కుంది. అందరికన్నా గట్టిగా తనే చప్పట్లు కొట్టింది, ఏడుస్తూ కొట్టింది.

బ్రేక్‌లో టిఫిన్ పొట్లాలు పంచుతుంటే కౌసల్యమ్మ వరండాలోనే కాబోయే వియ్యపురాలు స్వర్ణలతకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"వదినా, పెళ్లికి ముంగట పోరగాండ్లిద్దరికి రక్తపరీక్ష చేపిద్దాం. మా పిల్లకు గూడ."

"ఏంది వదినా? మా పిలగాని మీద అనుమానమా?"

దిక్కుతోచక కౌసల్యమ్మ చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. పొట్లాలు పక్కన పడేసి అందరూ చప్పట్లు అందుకున్నారు. వరండా దద్దరిల్లిపోయింది.

"గా సప్పట్లేంది వదినా?"

"మావోళ్లందరు మంచిదే అంటున్నరు. మీరే మిగిలిన్రు."

అవతల పకపకా నవ్వు. "సరె తియ్యి, ఇద్దర్ని కలిపే తోలుదాం. గని సూది మీ పిల్ల పొడవొద్దు. మావోడు జడుసుకొని పెళ్లే వద్దంటడు!"

దుర్గాభవాని ఉరికొచ్చి తల్లి మెడ కరుచుకుంది. కొంగు జారి కిందపడింది, సర్దుకోవడానికి కౌసల్యమ్మకు చెయ్యి ఖాళీ లేదు. అయినా చప్పట్లు మోగాయి. అందులో నావీ ఉన్నాయి.