ఓల్టేజీకి బెంజీన్ తెలియదు

తొంభైల్లో మిర్యాలగూడలో ఏది సరిగ్గా నడవకపోయినా తప్పు ఓల్టేజీదే. సీజన్‌లో రైస్ మిల్లులన్నీ మొదలైతే ఫ్యాన్లు నీరసపడేవి, టేప్‌రికార్డర్‌లో పాట సాగిపోయేది. అది నిజమే. కానీ ఆ నిజానికి అలవాటు పడి అందరూ ఆలోచించడం మానేశారు. పాలు విరిగినా ఓల్టేజీ మీదికి నెట్టేవాళ్ళేమో!

నేను అక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. వేసవి సెలవుల్లో సూర్యాపేటలో కంప్యూటర్ క్లాసులకు వెళ్ళి బేసిక్ అనే ప్రోగ్రాం భాష నేర్చుకున్నాను. ఆ చదువుతో, కాలేజీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో బెంజీన్ అణువును తిప్పి చూపించే ప్రోగ్రాం రాశాను. పన్నెండు పరమాణువులు, పన్నెండు బంతులు. ఎదురుగా చూస్తే చక్రం, పక్కకు తిరిగితే సన్నటి పుల్ల. బెంజీన్ బల్లపరుపుగా ఉంటుందని నేను బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా పిల్లలకు ఎక్కలేదు. ఇది చూస్తే ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

చిక్కల్లా ఆ తిరగడంలోనే వచ్చింది. కాసేపు ఈడ్చుకుంటూ, కాసేపు ఉరుకుతూ తిరిగేది. పిల్లలు నవ్వారు. ప్రిన్సిపాల్‌గారు కూడా వచ్చి చూశారు.

"మేడం, గిది ఓల్టేజీ సమస్య. గీ బొమ్మలాట మనకు కాదు. కంప్యూటర్ ఆఫీసుల పెడితే లెటర్లన్న టైపు చేసుకుంటరు."

శనివారం కాలేజీ సెక్రటరీగారు వస్తున్నారు. ఆయన ముందు బొమ్మ సరిగ్గా తిరిగితే కంప్యూటర్ నా క్లాసుకు, లేదంటే ఆఫీసుకు. ప్రిన్సిపాల్‌గారు అంతటితో తేల్చేశారు.

కోదాడ నుంచి మెకానిక్‌ను పిలిపించారు. ఆయన మూత కూడా విప్పలేదు. "ఓల్టేజీ అండీ మేడంగారూ. స్టెబిలైజర్ పెట్టించండి, అదే సర్దుకుంటుంది" అన్నాడు. స్టెబిలైజర్ వచ్చింది. బెంజీన్ మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం క్లాసులయ్యాక నోటుపుస్తకం పట్టుకుని తెర ముందు కూర్చున్నాను. చక్రం ఎదురుగా ఉన్నప్పుడే నెమ్మదిస్తోంది, పుల్లలా మారినప్పుడే పరుగెడుతోంది. ప్రతి చుట్టులోనూ అంతే. నేరుగా ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను.

"ఓల్టేజీకి బెంజీన్ ఎటు తిరిగిందో ఎట్ల తెలుస్తది సార్?"

"మీరు జర ఎక్కువ ఆలోచిస్తున్నరు మేడం."

"ఎవరో ఒకరు ఆలోచించాలె గద సార్" అని వచ్చేశాను.

మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని నా ప్రోగ్రాంను లైను లైనూ చదివాను. తప్పు నాదే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇన్నాళ్ళు నేనూ కరెంటును తిట్టాను. పక్కకు తిరిగినప్పుడు నాలుగు బంతులు మిగతావాటి చాటుకు పోతాయి. కనపడని బంతిని గీయవద్దని తెలివిగా రాసింది నేనే. తిరగడమంటే ఒకదాని వెనుక ఒకటి బొమ్మలు గీయడమే కదా, అప్పుడు పని తగ్గి బొమ్మ తొందరగా పూర్తయ్యేది, వెంటనే తరువాతి బొమ్మ మొదలయ్యేది. మా అమ్మ గరిడేపల్లి వైపు నాట్లకు పోయేది. అక్కడ తన వంతు ముందే అయిపోయినామె నడుమెత్తి నిలబడుతుంది, మిగతావాళ్ళు అందుకునేదాకా అడుగు వేయదు. నా ప్రోగ్రాంకు ఆ మర్యాద నేర్పాలి. ప్రతి బొమ్మకూ ఒక సెకను, ముందే అయిపోతే గడియారం చూస్తూ ఆగాలి. రెండే రెండు లైన్లు కలిపాను.

శనివారం సెక్రటరీగారు కుర్చీలో కూర్చున్నారు. ఆయనది రైస్ మిల్లు. పైన ఫ్యాను మూలుగుతోంది. తెర మీద బెంజీన్ మాత్రం ఒకే నడకతో తిరిగింది. ప్రిన్సిపాల్‌గారి ముఖం వెలిగింది.

"స్టెబిలైజర్ తెప్పించిన సార్. మిల్లులు నడిస్తే ఓల్టేజీ పడిపోతున్నది గద, గందుకే ఇన్నొద్దులు పరేషాన్ అయినం."

"అంటే నా మిల్లుతోనే మీ కంప్యూటర్ ఖరాబైందంటవా?" అన్నారు సెక్రటరీగారు.

ఇంక నేను ఊరుకోలేకపోయాను. కంప్యూటర్ ఆపేశాను. ప్లగ్గును స్టెబిలైజర్ నుంచి పీకి గోడకున్న సాకెట్‌లో పెట్టాను. "మేడం, కాలిపోతది!" అని ప్రిన్సిపాల్‌గారు లేచి నిలబడ్డారు. అయినా స్విచ్ వేశాను. ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టాను. బెంజీన్ అదే నడకతో తిరిగింది.

"మిల్లు తప్పు కాదు, స్టెబిలైజర్ గొప్పా కాదు సార్. తప్పు నేను చేసిన, నేనే సరిజేసిన."

సెక్రటరీగారు ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగారు. "ఈమెకు టైం రాసియ్యి" అని లేచారు.

ప్రిన్సిపాల్‌గారు గోడ మీది టైంటేబుల్ దగ్గరికి వెళ్ళి, మంగళ, శుక్రవారాల గడుల్లో 'కెమిస్ట్రీ, కంప్యూటర్' అని పెన్సిల్‌తో రాశారు. నేను నా పెన్ను తీసి, ఆయన చూస్తుండగానే, ఆ అక్షరాల మీద ఒక్కొక్కటిగా సిరాతో దిద్దాను.