జమ్ములో మూత చప్పుడు

జాంబియాలో మేమిద్దరం టీచర్లుగా ఉన్నప్పుడు ఇంటి వెనక మడుగులో ఒక పిట్ట కూసేది. నిలువెత్తు పెరిగిన జమ్ము గడ్డిలోంచి అది బయటికి వచ్చేది కాదు. స్టీలు గిన్నె మూత నేల మీద పడి, ఊగి ఊగి ఆగుతుంది చూడండి, దాని కూత అలా ఉండేది. మొదట విడివిడిగా టక్, టక్ అని, పోనుపోను వడి పెరిగి, అన్నీ కలిసిపోయి ఆగేది. ఆ వెంటనే బుర్రుమని రెక్కల చప్పుడు.

కూసేది ఒక పిట్ట, దానికి బెదిరి లేచిపోయేది వేరొకటి అని నా వాదన. రెండూ ఒకటేనని మా ఆవిడ. ఓడినవాళ్లు జీవితాంతం ఆదివారం ఉప్మా చెయ్యాలని పందెం. ఆమె టేప్ రికార్డర్‌తో గట్టు మీద కూర్చుని ఆ కూత పట్టింది.

పందెం తేలకుండానే అమెరికాలో పిస్కాటవే వచ్చాం. ఎనభైల మొదట్లో ఆమె పోయింది. మరుసటి వేసవిలో అల్మరా సర్దుతుంటే ఆ కేసెట్ దొరికింది. ఎవరు గెలిచారో తెలుసుకోవాలనిపించింది. నేనేనన్న నమ్మకం అప్పటికీ ఉంది.

మా తెలుగు చర్చికి వచ్చే ఒకావిడ కాలేజీలో జువాలజీ చెప్పేది. ఆమెకి పందెం సంగతంతా చెప్పాను. లైబ్రరీ నుంచి ఆఫ్రికా పక్షుల పుస్తకం తెచ్చి, మా వంటింట్లో కూర్చుని కేసెట్ వేసింది. ముందు మా ఆవిడ గొంతు వినిపించింది: "మీరు కదలకండి. మీ చెప్పులదే పెద్ద గోల." తర్వాత కూత.

"వదినకి మీ మీద గౌరవం బాగానే ఉంది అన్నయ్యా," అని నవ్వింది. రివైండ్ చేసి మళ్లీ విన్నది. "రెక్కల చప్పుడు ఎప్పుడొస్తోంది?"

"కూత అయ్యాక."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"బెదిరిపోయే పిట్టకి అంత టైమింగ్ ఎలా కుదిరిందండీ?"

ఆమె పుస్తకం తిప్పి ఒకచోట వేలు పెట్టింది. ఆఫ్రికన్ సెడ్జ్ వార్బ్లర్. మట్టిరంగు ఒళ్లు, వెడల్పాటి తోక. జమ్ము మొదళ్లలో నక్కి తిరుగుతుంది, కంటపడడం అరుదు. కూత ముగించి, రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ కొద్ది దూరం ఎగిరి మళ్లీ లోపలికి దిగిపోతుంది.

"వదిన గెలిచింది. ఇంట్లో రవ్వ ఉందా?"

ఆ ఆదివారం ఉప్మా చేసి చర్చి భోజనాలకు పట్టుకెళ్లాను. గరిటెకు ముద్దగా వచ్చింది. ఆమె ఒక ముద్ద తిని ప్లేటు పక్కన పెట్టింది.

"పందెం మీదీ వదినదీ అన్నారు. శిక్ష మాకెందుకు అన్నయ్యా?"

పై ఆదివారం నీళ్లు కొంచెం తగ్గించి పోశాను.