దువ్వెన తగిలితే నొప్పి

నా భార్య గత వారం తిరుపతిలో, ఆసుపత్రిలో చనిపోయింది. ఆమెను ఎరిగినవారి కోసం ఇది రాస్తున్నాను. ఎరగనివారూ చదవాలి. ఆమె జబ్బు జబ్బులా మొదలుకాలేదు.

దువ్వెనతో మొదలైంది. తలంటుకున్నాక పెరటి మెట్టు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకోవడం ఆమెకు ఇష్టం. ఒకరోజు దువ్వెన పక్కన పెట్టేసింది. “పుండు మీద గీరినట్టు ఉండాదయ్యా. సూడు, యాడన్నా కురుపు లేసిందేమో.” చూశాను. ఏమీ లేదు.

చిత్తూరు నుంచి వచ్చిన వాళ్లక్కకు కారణం దొరికింది. “కొండకు మొక్కుకొని మరిసిపోయినావే. నొయ్యక ఏం జేస్తాది?”

మొక్కు నిజమే. నా గుండె ఆపరేషన్ నాడు తలనీలాలిస్తానని మొక్కుకుంది. నేను బతికాను, మొక్కు మిగిలిపోయింది.

కొండ మీద గుండు చేయించుకుంది. కత్తి తగిలినప్పుడల్లా నా చెయ్యి నలిపేసింది. తర్వాత అద్దంలో చూసుకుని, “అచ్చం మా నాయన మాదిరే ఉండానే,” అని నవ్వింది. గుండుకు దువ్వెనతో పని లేదు. దిండు ఆనినప్పుడు ముఖం చిట్లించేది. కొత్త గుండు కదా అనుకున్నాం.

తర్వాత దవడ. చపాతీ సగం తినేసరికి పట్టేసేది. నమలడం ఆపితే తగ్గేది, మళ్లీ నమిలితే వచ్చేది. పన్నేమోనని ఒకటి పీకించాం. అది గట్టి పన్నే. చివరికి ఆమే ఉపాయం కనిపెట్టింది. రెండు పూటలా రాగి సంగటి. “మింగేదానికి దవడెందుకు?” అంది. మా ఇళ్లలో సంగటి ఎవరూ నమలరు. ఆ నొప్పీ పోయింది.

ఒక ఉదయం ఎదురుగా ఉన్న కాఫీ గ్లాసు కోసం చేత్తో తడిమింది. కుడికన్ను చూపు పోయింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నలు ఇవే. “దువ్వుకుంటే తల నొప్పేదా? నమిలితే దవడ పట్టేదా?”

“రెండూ ఉండె మేడమ్. రెండూ నయమైపోయినాయి,” అంది నా భార్య, జవాబు తెలిసిన బడిపిల్లలా.

డాక్టరమ్మ ఆమె గుండు వైపు చూశారు. జబ్బు పేరు జెయింట్ సెల్ ఆర్టరైటిస్. యాభై దాటినవారికి వస్తుంది. కణతల దగ్గర, కంటి దగ్గర రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. ఆ రెండు నొప్పులు ఉన్నప్పుడే మీరు వచ్చి ఉంటే స్టెరాయిడ్లతో చూపు నిలిచేదేమో అన్నారు. రెండో కన్ను కోసం వెంటనే మందు ఎక్కించారు. అది పనిచేసేలోపే ఆ కన్నూ పోయింది.

“నువ్వు ముసిలోడయ్యేది సూసే పని తప్పింది,” అంది నాతో.

కొన్ని నెలలకు మెదడుకు వెళ్లే నాళం మూసుకుపోయింది.

ఇంటికి తెచ్చాక వాళ్లక్క పసుపు రాసి, కుంకుమ పెట్టి, దువ్వెన తీసింది. జుట్టు వేలెడు పెరిగి ఉంది, తెల్లగా.

“మెల్లిగా వదినా,” అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. దువ్వెన కింద పెట్టి, వేళ్లతోనే సర్దింది. కనకాంబరాలు తురిమింది. పట్టుకునేంత జుట్టు లేదు. అవి జారి చెవి పక్కన పడుతూనే ఉన్నాయి. ఆమె తీసి మళ్లీ పెడుతూనే ఉంది.